సూరి నడిపిన కిరిహారా బండి

నేను ఒక కారుని. కిరిహారా కంపెనీవాళ్లు చేసిన ఎనిమిది సీట్ల డీజిలు బండిని. పేరు జపాన్‌ది, పుట్టుక మాత్రం హోసూరు పక్కనున్న ఫ్యాక్టరీలో. నా ఒంట్లో జపాన్ నుంచి వచ్చినవి ఇంజినూ, గేర్‌బాక్సూ, ముందు అద్దం కింద మెరిసే పేరూ. మిగతాదంతా ఇక్కడి ఇనుమే. అయినా నన్ను చూసినవాళ్లెవరూ హోసూరు బండి అనలేదు. జపాన్ బండి అనే అన్నారు. దూరం నుంచి వచ్చిన సరుకు మీద మనుషులకి ఉండే నమ్మకం పక్క ఊరి సరుకు మీద ఉండదు.

ఫ్యాక్టరీ గోడ మీద ఒక ముసలాయన ఫోటో ఉండేది. ఆయన పేరు కిరిహారా తొకుజి. వరి పొలాలకి నీళ్లు తోడే పంపులు చేసి బతికేవాడట. యుద్ధం అయ్యాక పంపు ఇంజినుకి మూడు చక్రాలు తగిలించి రైతులకి ఒక బండి చేసిపెట్టాడు. దానికి తలుపుల్లేవు, కప్పు లేదు. వానలో తడుస్తూ బస్తాలు మోసుకెళ్లిన రైతులు మాత్రం 'ఇది ఆగదు' అని చెప్పుకున్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని కంపెనీ మూడు తరాలు వ్యాపారం చేసింది. తెలుగు ప్రకటనల్లో కూడా అదే మాట. 'కిరిహారా. ఇది ఆగదు.'

బయట గోడలకి ఆ మాట అంటించినవాళ్లే లోపల పనిచేసే చోట పొడుగునా ఒక పసుప్పచ్చ తాడు కట్టారు. ఎవరికి ఏ అనుమానం వచ్చినా అది లాగాలి. లాగితే వరసలో ఉన్న బళ్లన్నీ ఆగిపోతాయి. నన్ను బిగిస్తున్నప్పుడు సెల్వి అనే అమ్మాయి లాగింది. బ్రేకు గొట్టం దగ్గర నట్టు ఒకటి సరిగ్గా కూర్చోలేదని ఆమెకి అనిపించింది. అంతా ఆగింది. పై అధికారి పరుగెత్తుకొచ్చి చూసి, నట్టు మార్పించి, ఆ పిల్లకి థాంక్స్ చెప్పి వెళ్లాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు.

నన్ను మొదట కొన్నది ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులున్న పెనుమత్స రంగరాజు. తెల్లారకముందే చెరువు గట్ల మీద తిప్పేవాడు. మేత బస్తాలు, ఐసు పెట్టెలు, పెళ్లివారు, ఒకసారి కుంటి దూడ కూడా నా వెనక సీట్లో ప్రయాణం చేశాయి. ఎవరు కనబడినా ఆయన ఒకటే చెప్పేవాడు. "జపాన్ బండండీ ఇది. తాళం తిప్పడమే మన పని, మిగతాది అదే చూసుకుంటది." ఎనిమిదేళ్లు నేను ఆయన్ని దారిలో ఒక్కసారి కూడా నిలబెట్టలేదు. చివరికి అదే నా తప్పయింది. చెడిపోని బండిని మార్చడానికి సాకు దొరకదు కదా. ఆయన తోడల్లుడు కొత్త బండి కొన్న వారంలో నా సీట్లు ఇరుకైపోయాయి, నా రంగు పాతదైపోయింది. అమ్మిన రోజున నా బానెట్ మీద చెయ్యేసి "కూతుర్ని అత్తారింటికి పంపినట్టుందయ్యా" అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. నేను గేటు దాటకముందే షోరూముకి ఫోన్ చేస్తున్న గొంతు వినిపించింది.

నన్ను కొనుక్కున్నవాడు గొర్లె అప్పలసూరి. విజయనగరం జిల్లా శృంగవరపుకోటలో టాక్సీ తోలేవాడు. కోట నుంచి బొడ్డవర దాటితే ఘాట్ మొదలు. కొండని చుట్టుకుంటూ అనంతగిరి, ఆపైన అరకు. ఆ దారి సూరికి కంఠతా వచ్చు. ఏ మలుపులో నీరు కారుతుందో, ఎక్కడ కోతులు దిగుతాయో, ఎక్కడ లారీవాళ్లు హారన్ కొట్టకుండా తిప్పేస్తారో అన్నీ తెలుసు. ఇరవై ఏళ్లలో ఒక కోడిపిల్లని కూడా తొక్కలేదని స్టాండులో పేరు. సగం నిద్రలో ఉన్న బిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకునేవాడు స్టీరింగుని. రంగరాజు చేతిలో నేను బండిని. సూరి చేతిలో ఏమిటో చెప్పలేను గానీ, ఆ చెయ్యి తగిలితే నాకు బాగుండేది.

అందుకే ఆ చేతిలో వచ్చిన తేడా అందరికన్నా ముందు నాకు తెలిసింది.

దీపాలు వెలిగించే వేళయితే రెండు చేతులూ స్టీరింగు మీదికొచ్చేవి. అరచేతులు చెమర్చేవి. మలుపుకి చాలా ముందే హారన్ మోగించేవాడు. చెట్టు నీడ రోడ్డు మీద పడితే మనిషనుకుని బ్రేకు తొక్కేవాడు. మనిషొస్తే నీడనుకుని పోనిచ్చేవాడు. ముందు బస్సేదైనా పోతుంటే దాని వెనక ఎర్ర దీపాలని వదలకుండా వెంబడించేవాడు, అది ఎంత మెల్లగా పోతున్నా సరే. కళ్లజోడు కొన్నాడు. దాన్ని తుడిచేవాడు, పెట్టుకునేవాడు, మళ్లీ తుడిచేవాడు.

కోటలో కంటి శిబిరం పెట్టినప్పుడు నన్ను వీధి చివర నిలిపి లోపలికెళ్లాడు. తిరిగొచ్చి సీట్లో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు. తర్వాత తనలో తనే అన్నాడు. "రేచీకటట. అద్దాలకి లొంగదట. పోగా పోగా పగలు కూడా..." అక్కడితో ఆపి మొహం తుడుచుకుని స్టాండుకి పోనిచ్చాడు. ఆ సంగతి భార్య సన్యాసమ్మకి చెప్పలేదు. స్టాండులో చెప్పలేదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసి ఏం లాభం? ఇంజిను వేడెక్కితే చెప్పడానికి నాకో ముల్లుంది, నూనె తగ్గితే చెప్పడానికో దీపముంది. నన్ను నడిపేవాడికి కనపడట్లేదని చెప్పడానికి నాకేమీ పెట్టలేదు.

ఆ రోజుల్లోనే మా బండెక్కింది కొర్రా సుభద్ర. అనంతగిరి దగ్గర కొండ మీద బడిలో టీచరు. తను అక్షరాలు దిద్దిన బడిలోనే పిల్లలకి దిద్దించాలని పట్టుబట్టి, వేరే ఊరికి బదిలీ వేస్తే ఆఫీసుల చుట్టూ తిరిగి రద్దు చేయించుకున్న మనిషి. పెళ్లి చేసుకోలేదు. నలభై దాటాక రెండు కిడ్నీలూ పాడయ్యాయి. సోమవారం, గురువారం విజయనగరం దిగి రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఒకసారి ఆవిడని ఎక్కించుకున్న టాక్సీవాడు రెండోసారికి రాడు. దారిలో ఏదైనా అయితే మన పీకలమీదికొస్తుందని వాళ్ల భయం. సూరి మాత్రం వెళ్లాడు. మొదటిరోజే ఆవిడ నాలో వాంతి చేసుకుంది. సిగ్గుతో కుంచించుకుపోయింది.

"పర్లేదు టీచరమ్మా, కొండ దారి కదా, ఎంతోమంది చేసుకుంటారు" అన్నాడు సూరి. ఆవిడ దిగాక ఏటి దగ్గర నన్ను కడిగాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

పొద్దున్న దిగడానికి ఇబ్బంది లేదు, వెలుగు పెరుగుతూ ఉంటుంది. తిరిగి వెళ్లేటప్పుడే కష్టం. ఆసుపత్రిలో నాలుగు గంటలు పడుకుని, తల తిరగడం తగ్గి, బయల్దేరేసరికి సాయంత్రం. ఘాట్ ఎక్కేసరికి మసక.

ఒక గురువారం, కొండ వెనక్కి పొద్దు వాలాక, కట్టెల మోపు మోసుకుంటూ అంచున నడుస్తున్న ఒకామెని నా పక్క అద్దం రాసుకుంటూ పోయింది. మోపు దొర్లిపోయింది. ఆమె లేచి నిలబడి శాపనార్థాలు పెట్టింది. సూరి దిగి కట్టెలేరి ఇచ్చి, దండం పెట్టి వచ్చాడు.

"ఎండ కళ్లల్లో పడింది టీచరమ్మా" అన్నాడు.

సుభద్ర ఆకాశం వైపు చూసింది. అక్కడ ఎండ లేదు. సూరి మొహం వైపు చూసింది.

సోమవారం నాడు ఆవిడ వెనక సీట్లో పడుకోలేదు. ముందొచ్చి కూర్చుంది. ఘాట్ ఎక్కుతుండగా కబుర్లు మొదలుపెట్టింది.

"సూరన్నా, ఎడం పక్క తెల్లరాయి చూడు, కొత్తగా సున్నం వేశారు... ఇంకాస్త ముందుకెళ్తే మేకలు. నాలుగో అయిదో, రోడ్డుకి కుడి పక్కన... ఎవరో టార్చి పట్టుకుని ఎదురొస్తున్నారు పాపం, పిల్లాణ్ణి చంకనేసుకుని."

"అవునమ్మా, చూశాను" అనేవాడు సూరి. చూడలేదు. ఆవిడకీ తెలుసు చూడలేదని.

అలా ఏడాది నడిచింది. ఆవిడ చూసేది, ఆయన తిప్పేవాడు. కిరిహారా బండి అంటే ఇదీ అని బడిలో మాస్టార్లతో ఆవిడ చెప్పేది కూడా. ఎంత వానలోనైనా ఆగదు, ఎంత మంచులోనైనా ఎక్కేస్తుంది అని. ఆ పొగడ్త వింటే నాకు వణుకొచ్చేది. తను నోరు విప్పితే సూరి మానేస్తాడు, ఇంకెవరూ రారు అని ఆవిడ భయం. తను మానేస్తే టీచరమ్మ గతేమిటని సూరి బాధ. ఒకరికోసం ఒకరు అనుకున్నారు. అది సగమే నిజం. తన పేరు పోతుందన్న భయం సూరికి లేదనలేను. రోజూ బడి గంట వినాలన్న ఆశ ఆవిడకి లేదనీ అనలేను. ఆ ఫ్యాక్టరీలో పసుప్పచ్చ తాడు ఒక్క బారెడు నాలో ఉంటే ఎన్నిసార్లు లాగి ఉండేదాన్నో.

శ్రావణంలో ఒక గురువారం పెద్దవాన. ఆసుపత్రిలో కరెంటు పోయి ఆలస్యమైంది. సుభద్రకి రక్తపోటు పడిపోయింది, బండెక్కగానే తల వాల్చి నిద్రలోకి జారుకుంది. బొడ్డవర దగ్గర ఒక బాలింత, ఆమె తల్లి చెయ్యెత్తారు. చేతిలో వారం రోజుల బిడ్డ.

"ఆఖరి బస్సు ఎల్లిపోనాదేమో బాబూ. టైడ దాకా దించేయ్, నీకు పున్నెం ఉంటది" అంది ముసలామె.

సూరి ముందు సీట్లో నిద్రపోతున్న సుభద్ర వైపు చూశాడు. రోడ్డు వైపు చూశాడు. తడుస్తున్న బిడ్డని చూసి తలుపు తీశాడు.

మూడు మలుపులు ఎలాగో తిరిగాం. నాలుగో మలుపు దగ్గర కొండ మీంచి మంచు దిగింది. నా దీపాలు ఆ తెల్లదనంలోనే నిలిచిపోయాయి. సూరి సీటు అంచుకి జరిగాడు. నుదురు అద్దానికి ఆనుతోందా అన్నంతగా ముందుకి వంగాడు. "టీచరమ్మా" అని మెల్లగా పిలిచాడు. ఆవిడ లేవలేదు. నిద్ర లేపడానికి మనసొప్పలేదో, లేపి ఏమని అడగాలో తెలియలేదో, మళ్లీ పిలవలేదు.

నా ఎడమ ముందు చక్రం తారు దిగి కంకర మీదికొచ్చింది. కంకర జారింది. ఆ పక్కన ఇంకేమీ లేదు, లోయలో నీళ్ల చప్పుడు తప్ప.

సూరి బ్రేకు తొక్కాడు. ఆగాను.

బిడ్డ ఏడుపందుకుంది. "ఏటయింది బాబూ? ఆపీసినావేటి?" అంది ముసలామె.

సూరి స్టీరింగు మీద తల ఆన్చాడు. తర్వాత అన్నాడు. "నాకు కనపడతం లేదు."

"దీపాలేసుకో మరి."

"దీపాలేసే ఉన్నాయమ్మా."

ఆ మాటకి సుభద్ర లేచింది. కిటికీలోంచి కిందికి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక్క క్షణమే. తర్వాత వెనక్కి తిరిగి, "అమ్మా, నువ్వూ అమ్మాయీ కుడి తలుపులోంచి దిగండి. మెల్లగా. బిడ్డని జాగర్తగా పట్టుకోండి" అంది, క్లాసులో పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతుతో. వాళ్లు దిగాక తనూ వెనక సీట్లోకి దాటి అటు నుంచే దిగింది. సూదులు గుచ్చిన చెయ్యి కొంగులో దాచుకుని, ఇంకో చేత్తో ముసలామె తెల్లతువాలు పట్టుకుని, నా దీపాల ముందు నిలబడింది.

"వెనక్కి పోనీ సూరన్నా. ఇంకా... ఇంకా. చాలు. ఇప్పుడు నా వెనకే రా. తువాలు కనిపిస్తోందా?"

"కొద్దిగా."

"కనిపించకపోతే ఆపెయ్. కనిపించిందని అబద్ధం చెప్పకు."

ఇన్నాళ్లలో వాళ్లిద్దరి మధ్యా ఆ సంగతి గురించి పడిన మొదటి మాట అదే. ఆ మనిషి వానలో, నిలబడడానికే ఓపిక లేని ఒంటితో, అడుగులో అడుగేస్తూ నా ముందు నడిచింది. రోడ్డు వెడల్పైన చోటికి నన్ను చేర్చి అక్కడే నేల మీద కూలబడింది. పోయిందనుకున్న ఆఖరి బస్సు అప్పుడొచ్చింది. ఆడవాళ్లు ముగ్గుర్నీ బిడ్డనీ ఎక్కించుకుంది. బస్సెక్కుతూ సుభద్ర వెనక్కి తిరిగి చూసింది. తలుపు పడింది.

తెల్లారి వెలుగొచ్చాక సూరి నన్ను కోటకి దింపాడు. ఇంటి ముందు ఆపి, సన్యాసమ్మని పిలిచి, నా మెట్టు మీద కూర్చుని అంతా చెప్పాడు.

ఆమె నిలబడే విన్నది. "ఎన్నాళ్లబట్టి?"

"రెండేళ్లు."

"పోయిన మాఘమాసంలో పద్మనాభంలో పెళ్లి నుంచి చీకట్లో తీసుకొచ్చినావు. నేనూ, మా అక్కా, దాని పిల్లలూ ఉన్నాం ఇందులో."

"ఉన్నారు."

సన్యాసమ్మ అరచేత్తో నా బానెట్ మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. మొగుణ్ణి కొట్టలేక నన్ను కొట్టిందని నాకు తెలుసు. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. తర్వాత కొంగుతో మొహం కప్పుకుని మెట్టు మీద ఆయన పక్కనే కూర్చుంది. "నాకు చెప్పుంటే నేను నిన్ను వదిలేసి పోతాననుకున్నావేటి?" అంది.

నన్ను అమ్ముదామనుకున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ మొదట అడిగేది ఒకటే, ఎందుకమ్ముతున్నావని. సూరి ఉన్నదున్నట్టు చెప్పేవాడు. "బండికేటీ లేదు బాబూ. నా కళ్లే పోనాయి." ఎవరూ నమ్మలేదు. గేర్‌బాక్సులో ఏదో దాచుతున్నాడని ఒకడు, యాక్సిడెంటు బండని ఒకడు అనుమానపడి వెళ్లిపోయారు. 'చాలా మంచి బండి, ఇల్లు మారుతున్నాం' అని ఉంటే మర్నాడే అమ్ముడుపోయేదాన్ని.

ఈలోగా కొండ మీద సుభద్రకి బండి దొరకలేదు. దొరికిన రోజు వెళ్లింది, దొరకని రోజు మానేసింది. బస్సులో ఒకసారి నిలబడి వెళ్లి పడిపోయింది. మానేసిన రోజులు పెరిగి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఎవరో జీపులో దింపారు. బతికింది. ఇంక కొండ మీద ఉండడానికి వీల్లేదని డాక్టర్లు ఖాయంగా చెప్పారు. సెలవు పెట్టి, కోటలో బస్టాండు వెనక ఒక గది తీసుకుంది. బడికి వేరే టీచరు వచ్చాడు.

సూరి నన్ను పట్టపగలు నడుపుకుంటూ ఆ గది ముందుకి తీసుకెళ్లాడు. దిగి గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"నేను నోరు విప్పబట్టి మీకు ఊరు పోయింది టీచరమ్మా."

సుభద్ర వచ్చి నా ముందు సీట్లో కూర్చుంది. కాళ్లు ఉబ్బి ఉన్నాయి.

"విప్పకపోతే ఆ పసిబిడ్డ పోయేది" అంది. "నీ మీద కోపం లేదని చెప్పను సూరన్నా. ఉంది. నా మీద అంతకన్నా ఉంది. నాకు ముందే తెలుసు. తెలిసి, రాళ్లూ మేకలూ చెప్పుకుంటూ కూర్చున్నాను" అంది.

ఇద్దరూ చాలాసేపు రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తూ ఉండిపోయారు. ఒకరికి కనిపిస్తున్నాయి, ఇంకొకరికి సగం.

ఆ సాయంత్రం సన్యాసమ్మ అంది. "బండమ్మొద్దు. నాకు నేర్పు."

మార్కెట్ యార్డు ఖాళీ మైదానంలో నేర్చుకుంది. నలభై ఆరేళ్ల మనిషి, సైకిలు కూడా తొక్కనిది. స్టాండులోవాళ్లు టీ గ్లాసులు పట్టుకుని వరసగా కూర్చుని చూసేవాళ్లు. ఆమె క్లచ్చి వదిలినప్పుడల్లా నేను ఎగిరిపడి ఆగిపోయేదాన్ని. ఆగినప్పుడల్లా వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. సూరి పక్కసీట్లో కళ్లు మూసుకుని కూర్చుని చప్పుడు వినేవాడు. "మూలుగుతంది, గేరు మార్చు... కంగారు పడకు, అది నిన్నేటీ సెయ్యదు." ఆమె వేసే ప్రతి తప్పు గేరుకీ నా పళ్లు నూరుకునేవి. ఓర్చుకున్నాను. లైసెన్సు పరీక్షలో మొదటిసారి తప్పింది. రెండోసారి గట్టెక్కింది.

సుభద్రని విజయనగరం ఆమే తీసుకెళ్లేది. ఒక వేసవిలో, సరిగ్గా మధ్యాహ్నం వెలుగులో, ఆ ముగ్గురూ అనంతగిరి వెళ్లారు. ఘాట్‌లో సన్యాసమ్మ ప్రతి మలుపులోనూ దేవుణ్ణి తలుచుకుంది. సూరి మొట్టమొదటిసారి వెనక సీట్లో కూర్చున్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. పిల్లలు పరుగున వచ్చి చుట్టుముట్టారు. కొత్త మాస్టారు కుర్చీ వేశాడు. సుభద్ర కుర్చీలో కూర్చోలేదు, వరండా మెట్టు మీద పిల్లల మధ్య కూర్చుంది. వాళ్లు ఎక్కాలు చెబుతుంటే తప్పులు దిద్దింది. వెళ్లే వేళకి ఒక పిల్ల "మళ్లీ ఎప్పుడొస్తావు టీచరూ" అంది. "ఎండాకాలం పోనీ" అంది ఆవిడ. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు నాకు బాగా తెలిసిన గొంతు కాదు.

సుభద్ర మరో రెండేళ్లు ఉంది. ఆసుపత్రిలోనే, మంచం మీదే పోయింది. పక్కన సన్యాసమ్మ ఉంది. కబురు చెప్పడానికి బయటికొచ్చి, నాలో కూర్చున్న సూరి చెయ్యి పట్టుకుంది. చెప్పనక్కర్లేకపోయింది.

ఇప్పుడు నేను కొత్తవలస దగ్గర పాత ఇనుము కొట్లో ఉన్నాను. నా గడువు తీరిపోయింది, పొగ ఎక్కువైంది, ఇంక రోడ్డు మీద తిరగడానికి కాగితం ఇవ్వబోమన్నారు. సన్యాసమ్మే నడుపుకుంటూ తెచ్చి అప్పగించింది. కొట్టువాడు డ్రైవరు కోసం ఆమె వెనక ఎవరున్నారా అని చూశాడు. ఎవరూ లేరు. సూరి పక్క తలుపులోంచి దిగాడు. ఆయనకిప్పుడు పగలు కూడా గొట్టంలోంచి చూసినట్టే. నన్ను తడిమి కూడా చూడలేదు. కొంతమంది అలాగే వెళ్లిపోతారు. తాళాలు ఇచ్చాక ఇద్దరూ రోడ్డుకి అవతల నిలబడ్డారు.

దూరంగా హారన్ వినపడింది. సన్యాసమ్మ మెడ చాచి చూసింది. "మలుపు అడ్డం. ఏ బస్సో తెలీడం లేదు" అంది.

"కోట బస్సే" అన్నాడు సూరి. "చెయ్యెత్తు."

ఆమె చెయ్యెత్తింది. బస్సు ఆగింది.